పాడకముందే వెలిగే పచ్చ లైటు: సెకండ్‌హ్యాండ్ ఆడియో ఇంటర్‌ఫేస్ రివ్యూ, పర్లాకిమిడి నుంచి

నమస్కారం అండి. ముందుగా ఈ పెట్టె ముందు భాగం చూడండి. మైకునీ వాద్యాన్నీ కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఇది. కెమెరా దగ్గరకి తెస్తున్నాను. ఇది ఛానల్ వన్, ఇది ఛానల్ టూ. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు, ఏమీ వాయించడం లేదు. అయినా ఛానల్ టూ దగ్గరున్న ఆ చిన్న పచ్చ లైటు చూడండి, వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. సిగ్నల్ వస్తోందని చెబుతోంది. ఏ సిగ్నల్? ఎక్కడి నుంచి? ఇవాళ్టి వీడియో అంతా దాని గురించే.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, అయినా మా వీధుల్లో తెలుగు అలాగే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర గిరిజనుల మాటల్ని చెవితో విని, ఎలా పలికితే అలా రాసుకున్నారు ఆయన. పెద్దవాళ్ళ పాటల్ని ఉన్నది ఉన్నట్టుగా పట్టుకోవాలన్న కోరిక నాకు ఈ ఊరి వల్లే పుట్టిందనుకుంటాను.

నేను రికార్డు చేస్తున్నది జముకుల కథ, అంటే చర్మమూ తీగా ఉన్న జముకు అనే వాద్యంతో పాడే జానపద కథ. మా వీధిలో ఒక పెద్దమ్మ పాడతారు, ఆవిడ తమ్ముడు జముకు వాయిస్తారు. గొంతుకి ఛానల్ వన్‌లో కండెన్సర్ మైకు పెట్టాను. జముకు చర్మం అంచున, దాని అదురుని సిగ్నల్‌గా మార్చే చిన్న పీజో పికప్ అతికించి, గిటారు కేబుల్‌తో ఛానల్ టూలో పెట్టి, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కాను. ఇదీ అమరిక. గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటిరోజు పెద్దమ్మ వచ్చి చాప మీద కూర్చున్నారు. తమ్ముడుగారు జముకు ఇంకా ఒళ్ళోకి తీసుకోలేదు, పక్కనే ఉంది. ఆవిడ ఈ పెట్టె వైపే కాసేపు చూసి, "ఏటి బాబూ, నానింకా నోరిప్పనేదు గదా, అదేటి అప్పుడే ఎలిగిపోతంది?" అన్నారు.

నాలుగు రోజులు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది.

ఈ పెట్టె బరంపురంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, 6,500 రూపాయలకి. కంపెనీ పేరు చెప్పను, లోగో మీద టేపు అతికించాను కూడా. ఎందుకంటే తప్పు దీనిది కాదని చివరికి తేలింది. పేరు చెబితే, వీడియో సగంలో ఆపేసినవాళ్ళు ఆ కంపెనీ సరుకు పాడు అనుకుని వెళ్ళిపోతారు. అది అన్యాయం. రెండు ఇన్‌పుట్‌లు, యూఎస్‌బీతోనే పవర్ తీసుకునే మామూలు పెట్టె. మార్కెట్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. నేను చెప్పేది ఎక్కువభాగం వాటన్నిటికీ వర్తిస్తుంది.

లైటు అబద్ధం చెబుతోందని మనం అంటాం. నిజానికి అది అబద్ధం చెప్పలేదు. ఆ లైటుకి పాట తెలియదు, గొంతు తెలియదు. దానికి తెలిసింది వోల్టేజీ ఒక్కటే. ఒక హద్దు దాటి వోల్టేజీ వస్తే వెలుగుతుంది, అంతే. అది పెద్దమ్మ గొంతు నుంచి వచ్చిందా, గోడలో వైరు నుంచి వచ్చిందా అన్నది మనమే పట్టుకోవాలి.

మొదట చెయ్యాల్సిన పని, ఎక్కడ వెతకాలో తేల్చుకోవడం. పెట్టె మీద లైటు ఉంది, కంప్యూటర్‌లో మీటరు ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. లైటు వెలగకుండా కంప్యూటర్‌లో మీటరు మాత్రమే కదులుతుంటే, గొడవ కంప్యూటర్ లోపల. లైటు వెలిగినా కంప్యూటర్‌లో ఏమీ రాకపోతే, దారి తప్పింది, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ తప్పుగా ఎంచుకున్నారు. రెండూ కదిలితే అసలు కరెంటే వస్తోంది, బయట వెతకాలి. ఈ ఒక్క చూపుతో సగం తిరుగుడు తగ్గుతుంది.

కంప్యూటర్ లోపలి గొడవల్ని త్వరగా చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ మైకు రంధ్రం దగ్గర గోటితో టకటకమని కొట్టండి. మీటరు లేచిందా? అయితే మీరు రికార్డు చేస్తున్నది ఇంటర్‌ఫేస్‌ని కాదు, ల్యాప్‌టాప్ సొంత మైకుని. నా దగ్గరికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళ సమస్య ఇదే. రెండోది లూప్‌బ్యాక్. కొన్ని ఇంటర్‌ఫేస్‌లు కంప్యూటర్‌లో మోగేదాన్ని మళ్ళీ ఇన్‌పుట్‌గా చూపిస్తాయి. వెనకాల బ్రౌజర్‌లో ఏదో వీడియో నడుస్తుంటే, మైకు తీసేసినా మీటరు ఆడుతూనే ఉంటుంది. ఆ ఆప్షన్ ఆపేయండి. ఇంటర్‌ఫేస్‌కి డిజిటల్ ఇన్‌పుట్ ఉండి, దాన్ని క్లాక్‌గా, అంటే శబ్దాన్ని కొలిచే తాళంగా పెట్టి, అక్కడ ఏ పరికరమూ కలపకపోతే టిక్ టిక్ అనే చప్పుళ్ళు, పిచ్చి రీడింగులు వస్తాయి. క్లాక్‌ని ఇంటర్నల్‌కి మార్చండి. శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క (శాంపిల్ రేట్) ఒక పరికరంలో 44.1, ఇంకొకదానిలో 48 కిలోహెర్ట్జ్ ఉన్నా ఇలాగే టిక్కులు పడతాయి. 44.1లో రికార్డైన పాటని 48 అనుకుని వాయిస్తే శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి జరుగుతుంది. పెద్దమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా వినబడితే అనుమానం అక్కడే.

మన విషయంలో మాత్రం రెండూ కదిలాయి, లైటూ మీటరూ. అంటే బయటి గొడవ.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. మీటరులో పైన సున్నా. అంతకు మించి వస్తే శబ్దం పగిలిపోతుంది. అక్కడి నుంచి కిందికి డెసిబెల్స్‌లో మైనస్ లెక్క. ఈ పెట్టె లైటు ఎక్కడ వెలుగుతుందో నేను తెలిసిన టోన్ పంపి చూశాను, మైనస్ 42 దగ్గర. అది చాలా తక్కువ మట్టం. కంగారు పడాల్సిన స్థాయి కాదు, అయినా లైటు వెలిగేస్తుంది. ఈ పెట్టె డిజైన్‌లో నాకు నచ్చనిది ఇదే. మైనస్ 42కీ మైనస్ 8కీ ఒకటే పచ్చ రంగు. మామూలు మనిషికి తేడా ఎలా తెలుస్తుంది?

ఛానల్ టూలో, అంటే జముకు పికప్‌లో, ఎవరూ ముట్టుకోకుండా మైనస్ 39 వచ్చింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకుతున్నాను. చూస్తూ ఉండండి. మైనస్ 39... పీకాను... మైనస్ 61. లైటు ఆరిపోయింది. మళ్ళీ పెడుతున్నాను. మైనస్ 39. మళ్ళీ వెలిగింది.

నాకు టెన్షన్ తగ్గింది ఈ క్షణంలోనే, ఎందుకంటే తప్పు పెట్టెది కాదని ఇక్కడే తెలిసిపోయింది. ఇంకొకటి చూడండి. ఛార్జర్ పెట్టి ఉండగానే, కేబుల్ జ్యాక్ లోహం మీద వేలు పెడుతున్నాను. హమ్, అంటే ఆ కరెంటు మోత, మారిపోయింది. మనిషి ముట్టుకుంటే హమ్ మారుతోందంటే, ఎర్తింగ్ వైపు చూడమని అర్థం.

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అది ఉచితమే, పది సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత చప్పుడు ఉందో చూపించే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచాను. 50 హెర్ట్జ్ దగ్గర కొండలా లేచింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. పక్కనే 100, 150, 250 దగ్గర చిన్న చిన్న గుట్టలు. వీధి గోడకి చెవి ఆనించినట్టు ఆ 'ఊఁ' అనే చప్పుడు మీకూ వినిపిస్తాను, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ తగ్గించుకోండి.

మా వీధి ఎలక్ట్రీషియన్ మావయ్యని పిలిచాను. ఆయన మల్టీమీటర్‌తో ప్లగ్ పాయింట్ చూశారు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు, సరిగ్గానే ఉంది. తర్వాత ఆ బోర్డులో ఛార్జరు పెట్టి ఉంచి ఎర్త్ చూశారు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 118. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 110. ఆ అంకెలు చూడగానే ఆయన మీటరు కింద పెట్టేసి, "ఎర్త్ లేదురా నీ ఇంట్లో" అన్నారు. బోర్డు విప్పితే నిజమే, పచ్చ వైరు లోపల చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది, దేనికీ కలవలేదు. మూడో రంధ్రం పేరుకే రంధ్రం.

ఇలా ఎందుకవుతుందంటే, ఛార్జర్ లోపల అడ్డదిడ్డమైన చప్పుడుని వడకట్టడానికి ఫేజ్ నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఇంకొకటి, రెండూ ఎర్త్‌కి కలుపుతారు. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోవడానికి దారి లేక, ల్యాప్‌టాప్ లోహమంతా సగం వోల్టేజీ దగ్గర వేలాడుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ అంచు ముట్టుకుంటే చీమలు పాకినట్టు చిరుగా జివ్వుమంటుందే, అదే ఇది. ఆ లోహానికే యూఎస్‌బీ కలుస్తుంది, యూఎస్‌బీకి మన పెట్టె కలుస్తుంది, పెట్టెకి జముకు కేబుల్ కలుస్తుంది.

మరి ఛానల్ వన్‌కి ఎందుకు అంతగా రాలేదు? మైకు కేబుల్‌లో సిగ్నల్‌కి రెండు తీగలు ఉంటాయి, ఒకదానిలో సూటిగా, ఇంకొకదానిలో తిరగేసి. దారిలో రెండిటి మీదా ఒకేలా పడ్డ హమ్‌ని ఇంటర్‌ఫేస్ ఒకదానిలోంచి ఒకటి తీసేస్తుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ అంటారు. గిటారు కేబుల్‌లో సిగ్నల్ తీగ ఒకటే. పైగా ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ చాలా చిన్న సిగ్నల్‌ని కూడా జారనివ్వకుండా పట్టుకునేలా కడతారు. పీజో పికప్‌కి అలాగే ఉండాలి, లేకపోతే జముకు గుండెల్లో మోగే ఆ కింది నాదం పోయి డొల్లగా వినిపిస్తుంది. కానీ ఆ గుణం వల్లే హమ్ కూడా అంతే ఇష్టంగా లోపలికి వస్తుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. హమ్ పోవాలంటే త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టమని చెప్పేవాళ్ళుంటారు. పెళ్ళి పందిళ్ళలో సౌండ్ పెట్టేవాళ్ళు చేస్తుండగా నేను కళ్ళారా చూశాను. దయచేసి చెయ్యొద్దు. ఎక్కడైనా ఇన్సులేషన్ పోయి ఫేజ్ లోహానికి తగిలితే, ఆ కరెంటు పోవాల్సిన దారి ఆ పిన్నే. అది లేకపోతే మైకు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది. చెమట పట్టిన చేతులతో, తడి నేల మీద నిలబడి పాడే మనుషులు మన కళాకారులు. హమ్ ఉన్నా పరవాలేదు, ఆ పిన్ ఉండాలి. బోర్డు విప్పే పని కూడా మీరు చెయ్యకండి, తెలిసినవాళ్ళని పిలవండి.

మావయ్య పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైపు దింపి, ఎర్త్ వైరు బోర్డుదాకా లాగారు. ఒకరోజు పని. తర్వాత అంకెలు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ 227, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ఒకటిన్నర. ఎండాకాలంలో ఆ గొయ్యిలో అప్పుడప్పుడు నీళ్ళు పోయమన్నారు, మట్టి ఎండితే ఎర్త్ బలహీనపడుతుందని. ఇప్పుడు ఛార్జర్ పెట్టి ఉండగానే ఛానల్ టూలో మైనస్ 60. వీడియో మొదట్లో మీరు చూసిందీ, ఛార్జర్ పీకి చూపించిందీ ఆ పనికి ముందు తీసిన ముక్కలు.

అయినా లైటు పూర్తిగా మాట వినలేదు. మూడోరోజు పెద్దమ్మ పాడుతున్నారు, కథ మంచి పట్టులో ఉంది, ఉన్నట్టుండి రెండు ఛానళ్ళలోనూ డిబ్ డిబ్ డిబ్ డిబ్ అని చప్పుడు. రెండు సెకన్లు. ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ. స్పెక్ట్రమ్‌లో చూస్తే 217 హెర్ట్జ్ దగ్గర ముల్లు, దాని రెట్టింపు దగ్గర ఇంకో ముల్లు. ఆ అంకె చూడగానే నేను ఆవిడ రొంటి వైపు చూశాను. రొంటిన చిన్న గుడ్డసంచి, అందులో ఆకూ వక్కా, వాటితోపాటు కీప్యాడ్ ఫోను.

టూజీ ఫోను రేడియోని ఒకే ధారగా పంపదు. సెకనుకి సుమారు 217 సార్లు ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఆ తునకలే కేబుల్‌లోకి దూరి చప్పుడుగా మారతాయి. మా ఊళ్ళో ఇది ఎక్కువ కావడానికి కారణం ఉంది. ఇక్కడ ఒడిశా టెలికాం సర్కిల్ టవర్లూ ఉన్నాయి, నది అవతల ఆంధ్ర సర్కిల్ టవర్లూ ఉన్నాయి. నది పక్క వీధుల్లో ఫోను ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ పట్టుకుంటూ తిరుగుతుంది, అలా సర్కిల్ మారిన ప్రతిసారీ తన చిరునామా చెప్పుకోవడానికి రేడియో వేస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే మరింత శక్తితో అరుస్తుంది. ఫోన్లన్నీ స్విచాఫ్ చేసి వంటింట్లో పళ్ళెంలో పెట్టించాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు మా ఇంటికి రికార్డింగ్‌కి ఎవరొచ్చినా ముందు ఆ పళ్ళెం చూపిస్తాం.

ఛానల్ వన్ సంగతి వేరు. అక్కడ చెవికి ఏమీ వినపడదు, కానీ మీటరు మైనస్ 50 దగ్గర ఊగుతూ ఉంటుంది, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. వినపడని దానికి రీడింగ్ ఏమిటి? సీలింగ్ ఫ్యాన్. ఆ గాలి తోపులు మైకు పొరని మెల్లగా నెడతాయి. మన చెవి సుమారు 20 హెర్ట్జ్ కింద వినలేదు, మీటరుకి ఆ హద్దు లేదు. మైకు మీద, బాగా కింది ఫ్రీక్వెన్సీలని కోసేసే లో-కట్ స్విచ్ వేశాను, ఫ్యాన్ ఆపాను, మైనస్ 64కి దిగింది. జ్యేష్ఠమాసంలో ఫ్యాన్ ఆపి పెద్దవాళ్ళని కూర్చోబెట్టడం తప్పే, అందుకే తెల్లవారుజామున ఐదింటికి రికార్డు చేస్తున్నాం.

మీటరు ఊగకుండా ఒకేచోట బిగుసుకుని ఉంటే అది ఇంకో రకం. రికార్డు చేసిన తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. గీత సున్నా మీద కాకుండా కాస్త పైనో కిందో ఉంటే డీసీ ఆఫ్‌సెట్. ఆడాసిటీలో నార్మలైజ్ తెరిస్తే దాన్ని తీసేసే టిక్కు ఉంటుంది. సరిపోతుంది.

కండెన్సర్ మైకుకి కేబుల్‌లోంచే కరెంటు పంపే ఫాంటమ్ పవర్ బటన్ నొక్కగానే మీటరు ఒక్కసారి పైకి ఎగరడం చూసి భయపడేవాళ్ళు చాలామంది. అది సహజం. 48 వోల్టులు లోపలి కెపాసిటర్లలో నిండాలి. నొక్కేముందు స్పీకర్లు తగ్గించి, పది ఇరవై సెకన్లు ఆగండి. ఆ తర్వాత కూడా చిటపటలాడుతుంటే కేబుల్ కనెక్టర్లు చూడండి. మా దగ్గర మహేంద్రగిరి వైపు మబ్బు పట్టిందంటే ఇల్లంతా చెమ్మే. పిన్నుల మధ్య తేమ చేరితే ఆ 48 వోల్టులు అక్కడే కొద్దికొద్దిగా కారిపోతూ చప్పుడు చేస్తాయి. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. నేను ఈ పెట్టెలో ఫాంటమ్ కొలిచాను, 46.8 వచ్చింది. నియమం ప్రకారం 44 నుంచి 52 మధ్య ఉండాలి, కాబట్టి మంచిదే.

ఛార్జర్ లేకుండా, మైకు లేకుండా, సిగ్నల్‌ని పెంచే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పితే మాత్రం ఏ ఇంటర్‌ఫేస్‌లోనైనా మీటరు లేస్తుంది. దాన్ని లోపం అనకండి. 150 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఊరికే బల్ల మీద పడి ఉన్నా, అందులోని వేడి వల్లే సుమారు 0.22 మైక్రోవోల్టుల చప్పుడు పుడుతుంది. ఎంత ఖరీదైన పెట్టె కొన్నా దాని కిందికి పోలేరు. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు నేను చేసే పరీక్ష ఇదే. ఒక మైకు కనెక్టర్‌లో రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య ఆ రెసిస్టర్ టంకం పెట్టి జేబులో వేసుకెళ్తాను. షాపులో దాన్ని గుచ్చి, గెయిన్ నిండా తిప్పి, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడుపుతూ వింటాను. సన్నగా, సమంగా 'సూ' అంటే పెట్టె ఆరోగ్యంగా ఉన్నట్టు. గరగరలాడితే, లేదా ఒక ఛానల్ ఇంకొకదానికన్నా బాగా ఎక్కువ వస్తే, వద్దని వచ్చేయండి.

ఆ పరీక్షలో దీనిలో ఇంకోటి కూడా పట్టుకున్నాను. గెయిన్ చివర్లో సన్నని ఈల. స్పెక్ట్రమ్‌లో సరిగ్గా 8000 హెర్ట్జ్. హైస్పీడ్ యూఎస్‌బీలో కంప్యూటర్ సెకనుకి 8000 సార్లు పరికరాన్ని పలకరిస్తుంది, పాత ఫుల్‌స్పీడ్‌లో 1000 సార్లు. ఆ పలకరింపు పవర్ తీగలోంచి పాటలోకి కారుతోంది. ల్యాప్‌టాప్ ఎడమవైపు పోర్టు నుంచి కుడివైపుకి మార్చి, పొడవాటి కేబుల్ తీసేసి పొట్టిది పెడితే దాదాపు పోయింది. పాట ఉన్నప్పుడు అసలు తెలియదు, నిశ్శబ్దంలో తెలుస్తుంది.

మరి ఈ పెట్టె కొనొచ్చా? కొనొచ్చు. మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ నిశ్శబ్దంగా ఉంది, గొంతుని గొంతులాగే ఇచ్చింది. ఫాంటమ్ రెండు ఛానళ్ళకీ ఒకటే బటన్ కావడం ఇబ్బంది. గెయిన్ నాబ్ మూడొంతులు తిప్పేదాకా పెద్దగా ఏమీ కాదు, చివరి పావులోనే అంతా ఉంది, చేతికి అలవాటు కావాలి. లైటు విషయం చెప్పాను కదా, ఒకే రంగు. ఇంట్లో పాటలు, కథలు, పాఠాలు రికార్డు చేసుకునేవాళ్ళకి 6,500కి ఇది మంచి బేరం. డ్రమ్స్ లాంటి గట్టి చప్పుళ్ళు ఎక్కువ చేసేవాళ్ళు మాత్రం మెట్లు మెట్లుగా లెవెల్ చూపించేది తీసుకోండి.

ఇప్పుడు నిన్న తెల్లవారుజామున తీసింది వినిపిస్తాను. మొదటి పది సెకన్లు ఎవరూ ఏమీ అనరు, ఛానల్ టూ లైటు వైపే చూస్తూ ఉండండి, చీకటిగా ఉంటుంది. తర్వాత తమ్ముడుగారు జముకు తీగ ఒక్కసారి మీటుతారు, లైటు వెలుగుతుంది. ఆ మోత ఆరేలోపు పెద్దమ్మ అందుకుంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.